అంటార్కిటికా మంచు, క్రిల్, పాలమూరు: ఒక ఎమ్మెస్సీ విద్యార్థినికి జవాబు

వనపర్తి నుంచి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల కళాశాలకు వచ్చిన ఒక శాస్త్రవేత్త ధ్రువ సముద్రాల మీద ప్రసంగిస్తూ, వాతావరణ మార్పు వల్ల అంటార్కిటికా చుట్టూ క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న ప్రాణి తగ్గుతోందని చెప్పారట. ఇంటికి వెళ్లి ఆ మాట చెబితే వాళ్ల బాబాయి ఫోనులో ఒక వీడియో తీసి, "2014లో అంటార్కిటికా మంచు రికార్డు స్థాయికి పెరిగింది. ఇదంతా కట్టుకథ" అన్నారట. ఇందులో ఏది నిజం, దానితో పాలమూరుకు పని ఏమిటి, సముద్రాన్ని కళ్లతో చూడని మనిషి ఆ పరిశోధనలోకి వెళ్లగలదా అని అడిగారు.

నాది దేవరకొండ వైపు. ఉద్యోగ జీవితమంతా సముద్రపు ప్లవకాల మీదే, అంటే నీటి వాటున తేలుతూ బతికే చిన్న జీవుల మీదే గడిచింది, దక్షిణ మహాసముద్రంలోనూ పని చేశాను, ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. కాబట్టి మూడో ప్రశ్నకు "వెళ్లగలదు" అన్నదే నా జవాబు. ఎలాగో చివర్లో చెబుతాను. మొదటి ప్రశ్నలో విషయం ఎక్కువ ఉంది కాబట్టి అక్కడ కాస్త నిలబడదాం.

మీ బాబాయి గారి అంకె అబద్ధం కాదమ్మా. 2014 సెప్టెంబరులో అంటార్కిటికా చుట్టూ సముద్రం మీద తేలే మంచు విస్తీర్ణం 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. 1979లో ఉపగ్రహాల నిరంతర లెక్క మొదలయ్యాక అంత మంచు ఎప్పుడూ లేదు. వీడియో అక్కడితో ఆగిపోయి ఉంటుంది. 2016లో ఆ మంచు ఒక్కసారిగా పడిపోయింది. 2023 ఫిబ్రవరిలో 17.9 లక్షల చదరపు కిలోమీటర్లకు దిగి, కనిష్ఠ రికార్డు నమోదైంది. అదే ఏడాది చలికాలం ముగిసేసరికి కూడా 1.7 కోట్లను అందుకోలేకపోయింది. చలికాలపు గరిష్ఠ విస్తీర్ణాల్లో అంతకుముందు అన్నిటికంటే తక్కువది 1986లోది. దానికంటే కూడా ఇది దాదాపు 10 లక్షల చదరపు కిలోమీటర్లు తక్కువ.

అయితే ఆయన 2014 అంటే మీరు 2023 అని వాదం గెలవాలని ఈ అంకెలు ఇవ్వడం లేదు. ఇద్దరూ మొత్తం విస్తీర్ణం గురించే మాట్లాడుతున్నారు. సముద్రంలో బతికే ప్రాణులకు ఆ మొత్తంతో పెద్దగా పని లేదు. మంచు ఎక్కడ, ఏ నెలలో కడుతుంది, ఏ నెలలో విడిపోతుంది అన్నదే వాటికి కావాలి. నారాయణపేట, మక్తల్ వైపు కంది వేసే రైతును "ఈ ఏడు ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది" అని అడిగి పంట సంగతి తేల్చగలమా? మృగశిరలో విత్తనం పడ్డాక ఆరుద్రలో చినుకు రాలిందా లేదా, పూత మీద ఉన్నప్పుడు ముసురు పట్టిందా అన్నదే ఆయన లెక్క. ఏడాది మొత్తం సగటుకు సరిపోయినా పంట పోతుంది. ధ్రువ సముద్రాల పరిశోధనలో నాకు తెలిసినదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

వీడియోలు చేసేవాళ్లు తరచుగా కలిపేసే విషయం మరొకటి ఉంది. అంటార్కిటికాలో మంచు రెండు రకాలు. ఖండం మీద యుగాలుగా కురిసిన హిమం గట్టిపడి ఏర్పడిన మంచు పలక ఒకటి. కొన్ని చోట్ల దాని మందం 4 కిలోమీటర్లకు పైనే. అది కరిగితే ప్రపంచమంతటా సముద్ర మట్టం పెరుగుతుంది. రెండోది సముద్రపు నీరే గడ్డకట్టి పైన తేలే మంచు. ఉప్పు ఉండటం వల్ల ఆ నీరు సున్నా దగ్గర కాక దాదాపు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మందం మీటరు, రెండు మీటర్లకు మించడం తక్కువ. అక్కడి వేసవి చివర ఫిబ్రవరిలో ఇది సుమారు 30 లక్షల చదరపు కిలోమీటర్లు ఉంటుంది, అంటే మన దేశ వైశాల్యానికి కాస్త తక్కువ. సెప్టెంబరుకల్లా 1.8 కోట్లు దాటుతుంది. ఏటా నాలుగైదు భారతదేశాలంత సముద్రం మూసుకుని మళ్లీ తెరుచుకుంటుంది. మీ బాబాయి గారి వీడియోలోని మంచు ఈ రెండో రకం. క్రిల్‌కు కావలసినదీ ఇదే.

క్రిల్ రొయ్య జాతికి దగ్గరి బంధువు. బాగా పెరిగితే 6 సెంటీమీటర్లు ఉంటుంది, ఐదారేళ్లు బతుకుతుంది. అంటార్కిటిక్ క్రిల్ అనే ఈ ఒక్క జాతి మొత్తం బరువు 30 కోట్ల నుంచి 50 కోట్ల టన్నుల మధ్య ఉంటుందని అంచనా. నీలి తిమింగలం, సీల్, పెంగ్విన్, సముద్ర పక్షులు, చేపలు, స్క్విడ్ అన్నీ నేరుగానో ఒక మెట్టు పైనుంచో దీని మీదే ఆధారపడ్డాయి. కంటికి కనిపించని నాచు నుంచి తిమింగలం దాకా మధ్యలో ఒకే ఒక మెట్టు ఉండటం ఈ సముద్రపు విశేషం. ఆ మెట్టు కదిలితే పక్కన పట్టుకోవడానికి మరొకటి లేదు.

దీని పుట్టుక చూడండి, సమయం ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. తల్లి క్రిల్ వేసవిలో గుడ్లు వదులుతుంది. అవి నీటిలో వందల మీటర్లు, కొన్నిచోట్ల వెయ్యి మీటర్లకు పైగా కిందికి జారిపోతూ ఆ చీకటిలో పొదుగుతాయి. బయటికి వచ్చిన పిల్ల మొదటి దశల్లో ఏమీ తినలేదు. గుడ్డు నుంచి తెచ్చుకున్న కొవ్వును ఖర్చు చేసుకుంటూ వారాల పాటు పైకి ఈదుతుంది. పైకి చేరగానే తిండి దొరకాలి. కొద్ది నెలల్లోనే చలికాలం వచ్చేస్తుంది. సూర్యుడు రోజులో కాసేపే కనిపిస్తాడు, బాగా దక్షిణాన అసలు ఉదయించడు. నీటిలో నాచు దాదాపు ఉండదు. పెద్ద క్రిల్ ఈ కరువును తట్టుకుంటుంది. ప్రయోగశాలలో తిండి లేకుండా 200 రోజులకు పైగా బతికిన దాఖలా ఉంది. పొట్టు విడిచిన ప్రతిసారీ ఒళ్లు చిన్నది చేసుకుంటూ నెట్టుకొస్తుంది. ఆ ఏడాది పుట్టిన పిల్లకు ఆ నిల్వ లేదు.

దానికి దొరికే తిండి మంచు అడుగున ఉంటుంది. శరత్కాలంలో సముద్రం గడ్డకట్టేటప్పుడు నీటిలో ఉన్న డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు మంచులో చిక్కుకుంటాయి. మంచు సందుల్లోని ఉప్పునీటిలో అవి బతికి, కొద్దిపాటి వెలుగుతోనే పెరుగుతాయి. ఓడ మంచును చీలుస్తూ పోతున్నప్పుడు ముక్కలు తిరగబడితే అడుగుభాగం గోధుమ రంగులో కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు దాన్ని మురికి అనుకుంటారు. క్రిల్ పిల్లలు ఆ పొరను గీకి తింటూ చలికాలం గట్టెక్కుతాయి. మంచు నెల, నెలన్నర ఆలస్యంగా కట్టిందనుకోండి. అప్పటికి వెలుగు తగ్గిపోయి నీటిలో నాచు పలచబడి ఉంటుంది. మంచు అయితే కడుతుంది, ఉపగ్రహ చిత్రంలో తెల్లగా కనిపిస్తుంది, లెక్కలోకి ఎక్కుతుంది. దాని అడుగున తిండి మాత్రం ఉండదు.

ఇప్పుడు మళ్లీ మీ బాబాయి గారి దగ్గరికి. 1979 నుంచి 2010 వరకు ఉపగ్రహాల లెక్కను ప్రాంతాలవారీగా విడదీసి చూసినప్పుడు ఒక సంగతి బయటపడింది. అంటార్కిటిక్ ద్వీపకల్పానికి పశ్చిమాన, బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రం దక్షిణ భాగంలో, ఏడాదిలో మంచు ఉండే కాలం సుమారు మూడు నెలలు తగ్గిపోయింది. అదే కాలంలో రాస్ సముద్రం పశ్చిమ భాగంలో రెండు నెలలకు పైగా పెరిగింది. రెండూ కూడితే పెద్దగా ఏమీ జరగనట్టే ఉంటుంది, కొన్నేళ్లు పెరిగినట్టు కూడా ఉంటుంది. ఇక క్రిల్‌లో సగానికి పైగా నివసించేది ద్వీపకల్పం, దానికి ఆనుకున్న నైరుతి అట్లాంటిక్ వైపునే. అంటే దాని పొలం మీద వాన ఎగ్గొట్టి, పక్క జిల్లాలో కురిసిన వానను సగటులో చూపించడమన్నమాట.

ఇక ప్రసంగించిన శాస్త్రవేత్త మాట. "క్రిల్ తగ్గుతోంది" అన్నదాన్ని నేనైతే అంత గట్టిగా చెప్పను. 1926 నుంచి వేర్వేరు దేశాల ఓడలు వేసిన వలల లెక్కలన్నీ పోగుచేసి ఆంగస్ అట్కిన్సన్ బృందం 2004లో ఒక పరిశోధన ప్రచురించింది. 1970ల తర్వాత నైరుతి అట్లాంటిక్‌లో క్రిల్ సాంద్రత బాగా పడిపోయిందని, సాల్ప్‌లు అనే జెల్లీ లాంటి జీవులు పెరిగాయని అందులో తేలింది. సాల్ప్‌లో నీరే ఎక్కువ, పెంగ్విన్‌కు దానితో కడుపు నిండదు. 2018లో మరో బృందం దాదాపు అదే సమాచారాన్ని తీసుకుని, వలల పరిమాణం, వేసిన సమయం వంటి తేడాలను వేరే పద్ధతిలో సవరించి చూసి, దీర్ఘకాలిక తగ్గుదలకు ఆధారం లేదని చెప్పింది. 2019లో అట్కిన్సన్ బృందం మళ్లీ విశ్లేషించి, క్రిల్ విస్తరించిన ప్రాంతం ధ్రువం వైపు కుంచించుకుపోతోందని, కొత్త పిల్లలు చేరడం తగ్గి సగటు సైజు పెరుగుతోందని చూపించింది. సైజు పెరగడం శుభవార్త కాదు. ఊళ్లో ముసలివాళ్లే మిగిలితే సగటు వయసు పెరిగినట్టు అది.

ఇన్ని తేడాలు ఎందుకు వస్తాయో ఓడ మీద ఒక్క పూట పని చేసినా తెలుస్తుంది. క్రిల్ గుంపుగా తిరుగుతుంది. ఒక వల ఖాళీగా వస్తుంది, కొద్ది దూరం పోయి వేస్తే పైకి లాగలేనంత బరువు. పగలు వలను చూసి తప్పించుకుంటుంది, రాత్రి పైకి వస్తుంది. శబ్ద తరంగాలు పంపి గుంపుల ప్రతిధ్వని కొలిచే పద్ధతి మెరుగే కానీ, మంచు కింద ఓడ పోలేని చోట అది పని చేయదు, పిల్లలు ఉండేది అక్కడే. కాబట్టి శాస్త్రవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉందంటే వాతావరణ మార్పు మీదే సందేహం ఉందని కాదు. ఎన్ని వలలు వేస్తే ఒక సముద్రానికి సగటు తీయవచ్చు అన్నది వాళ్ల తగాదా. మీ బాబాయి గారికి ఈ తేడా చెబితే ఒప్పుకుంటారనే నా నమ్మకం. అంకెల మీద ఆసక్తి ఉన్న మనిషే కదా.

లెక్కలో తగాదా లేని ఉదాహరణ కావాలంటే ఎంపరర్ పెంగ్విన్‌లను చూడండి. ఇవి మే, జూన్ నెలల్లో, నడి చలికాలంలో, తీరానికి అంటుకుని కదలకుండా ఉండే సముద్రపు మంచు మీద గుడ్డు పెడతాయి. మగది రెండు నెలలకు పైగా ఏమీ తినకుండా పాదాల మీద పెట్టుకుని పొదుగుతుంది. పిల్లకు నీటిని ఆపే ఈకలు వచ్చేసరికి డిసెంబరు అవుతుంది. అప్పటి దాకా కింద మంచు నిలవాలి. 2022 చివర్లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో మంచు ముందుగానే విరిగిపోయింది. అక్కడున్న ఐదు స్థావరాల్లో నాలుగింటిలో పిల్లలు మిగలలేదని ఉపగ్రహ చిత్రాలను చూసి బ్రిటిష్ శాస్త్రవేత్తలు 2023లో ప్రకటించారు. అంత పైనుంచి పక్షి కనిపించదు. తెల్లటి మంచు మీద దాని రెట్ట మరకలు కనిపిస్తాయి. మరక మాయమైందంటే స్థావరం పోయినట్టే. ఆ మంచు నెల రోజులు ఎక్కువ నిలిచి ఉంటే, మొత్తం విస్తీర్ణం ఎంతైనా, ఆ పిల్లలు బతికేవి.

అమెరికావాళ్ల పామర్ స్టేషన్ పరిసరాల్లో అడేలీ పెంగ్విన్‌ల కథ కూడా ఇదే దారిలో నడిచింది. 1970లలో ఉన్న జంటల్లో నాలుగో వంతు కూడా మిగలలేదు. మంచు అంతగా అక్కరలేని జెంటూ పెంగ్విన్‌లు అక్కడికి వచ్చి చేరాయి.

ఉత్తర ధ్రువం గురించి మీరు అడగలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అక్కడ మంచు సంగతిలో వాదానికి చోటే లేదు, వేసవి మంచు దశాబ్దాలుగా తగ్గుతూనే ఉంది, 2012 సెప్టెంబరులో 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. 1979 తర్వాత ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది. అక్కడ క్రిల్ స్థానంలో కోపిపాడ్‌లు అనే, రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న జీవులు ఉన్నాయి. చలి సముద్రపు కోపిపాడ్ పెద్దది, ఒంటి నిండా కొవ్వు. అట్లాంటిక్ నుంచి వెచ్చటి నీటితో వచ్చే దాని దాయాది చిన్నది, కొవ్వు తక్కువ. వల బరువు ఒక్కటే అయినా దాన్ని తినే పక్షికి దక్కేది ఒక్కటి కాదు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌లో 2008 నుంచి మన హిమాద్రి స్థావరం ఉంది. దాని పక్కనున్న కాంగ్స్‌ఫియార్డ్ నీటిలో 2014లో మనవాళ్లు ఇండార్క్ అనే పరికరాల గొలుసును దించారు. అది నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను ఏడాది పొడవునా నమోదు చేస్తుంది. ఈ పాఠంలో కాలమే ముఖ్యం అన్నాను కదా, ఏడాదంతా ఆపకుండా కొలిచే పరికరం విలువ అందుకే.

మీరు రెండో ప్రశ్నకు వెళ్లేముందు ఒక ప్రయోగం గురించి తెలుసుకోవాలి. మన దేశ సముద్ర శాస్త్రవేత్తలు చేసినవాటిలో అన్నిటికంటే ఎక్కువ నేర్పిన ప్రయోగం ఇదేనని నా అభిప్రాయం. దక్షిణ మహాసముద్రంలో చాలా చోట్ల నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉన్నా నాచు ఉండవలసినంత ఉండదు. ఇనుము లోపమే కారణమని 1980ల చివర్లో జాన్ మార్టిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చూపించారు. ఇనుము చల్లితే నాచు విపరీతంగా పెరిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, చచ్చి సముద్రం అడుగుకు చేరుతుంది, భూతాపానికి ఇంత చౌకైన మందు లేదు అని ఒక ఆశ పుట్టింది. 2009 జనవరి నుంచి మార్చి వరకు గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి లోహాఫెక్స్ పేరుతో దీన్ని పరీక్షించాయి. వజీహ్ నఖ్వీ, విక్టర్ స్మెటాచెక్ దానికి నాయకులు. పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ ఓడ నుంచి సుమారు 300 చదరపు కిలోమీటర్ల సముద్రం మీద టన్నుల కొద్దీ ఫెర్రస్ సల్ఫేటు కలిపారు. మన బత్తాయి తోటల్లో ఆకులు పసుపెక్కితే పిచికారీ చేసే అన్నభేది అదే.

నాచు పెరిగింది. కానీ ఆశించిన డయాటమ్‌లు పెరగలేదు. వాటి పెంకుకు కావలసిన సిలికా ఆ నీటిలో అప్పటికే అయిపోయి ఉంది. పెరిగిన చిన్న నాచును కోపిపాడ్‌లు మేసేశాయి. కోపిపాడ్‌లను వాటికంటే పెద్దవైన ఆంఫిపాడ్‌లు తినడం మొదలుపెట్టాయి. సముద్రం అడుగుకు చేరిన కార్బన్ చాలా తక్కువ. సముద్రంలో ఇనుము చల్లడాన్నే వ్యాపారం చేద్దామనుకున్న కంపెనీలకు ఇది రుచించలేదు. సముద్రంలో ఎవరు ఎవరిని ఎప్పుడు తింటారో తెలియకుండా రసాయన లెక్క వేస్తే ఏమవుతుందో తేలింది. మీలాంటి జువాలజీ విద్యార్థులకు ఈ రంగంలో చోటు ఎందుకుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

పాలమూరుకు పని ఏమిటి? సముద్రం లేచి మహబూబ్‌నగర్‌కు రాదు, మనం వందల మీటర్ల ఎత్తులో ఉన్నాం. జూరాల చేపకూ క్రిల్‌కూ సంబంధం లేదు. సంబంధం గాలి ద్వారా ఉంది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. అదనపు వేడిలో 90 శాతానికి పైగా వాటిలోకే పోతోంది. సముద్రాలు పీల్చిన ఆ కార్బన్‌లో సుమారు 40 శాతం దక్షిణ మహాసముద్రం ద్వారానే లోపలికి వెళ్లింది. అక్కడి నాచు, క్రిల్ వదిలే మలపు గుళికలు కిందికి జారడం అందులో ఒక భాగం. ఆ పని మందగిస్తే మిగిలిన వాయువు మక్తల్ మీదా ఉంటుంది, మాస్కో మీదా ఉంటుంది. అలా పీల్చుకోవడానికి సముద్రం కూడా మూల్యం చెల్లిస్తోంది. నీటి ఆమ్లత పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే 30 శాతం దాకా పెరిగింది. దక్షిణ మహాసముద్రంలో టెరోపాడ్ అనే చిన్న నత్తల పెంకులు కరగడం సజీవ నమూనాల్లోనే కనిపించింది.

వానల సంగతి కూడా చెప్పాలి, ఇక్కడ జాగ్రత్తగా. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో వేసవి మంచు తక్కువగా ఉన్న ఏళ్లకూ, మధ్య భారతంలో సెప్టెంబరులో పడే అతి భారీ వర్షాలకూ సంబంధం ఉండవచ్చని అందులో చూపించారు. ఉండవచ్చు అన్న మాటను వదిలేసి చదవకండి. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి ప్రాంతాలు మునిగాయి కదా, దానికి కారా సముద్రమే కారణమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఒక్క వరదను ఒక్క సముద్రానికి అంటగట్టే సాక్ష్యం ఎవరి దగ్గరా లేదు. రుతుపవనాల రాకపోకలను మార్చే పెద్ద చేతుల్లో ఇదొకటా అన్నది తేల్చే పని ఇంకా నడుస్తోంది.

మరో చిన్న సంబంధం మందుల దుకాణంలో ఉంది. క్రిల్ నూనె గొట్టం మాత్రలు ఇప్పుడు నల్లగొండలో కూడా అడిగితే తెప్పిస్తున్నారు. పట్టిన క్రిల్‌లో ఎక్కువ భాగం పెంపకపు చేపల దాణాకు, కొంత ఈ నూనెకు పోతుంది. అంటార్కిటిక్ సముద్ర జీవుల సంరక్షణకు 1982లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ కూడా సభ్యదేశం. నైరుతి అట్లాంటిక్‌లో ఏడాదికి 6.2 లక్షల టన్నుల దగ్గర వేటను నిలిపేలా ఆ ఒప్పందం కింద పరిమితి ఉంది. మొత్తం క్రిల్‌తో పోలిస్తే అది చాలా చిన్న అంకె. కానీ పడవలన్నీ పెంగ్విన్‌లు పిల్లల్ని పెంచే తీరాల దగ్గరే గుమిగూడితే చిన్నది కాదు. ఇక్కడ కూడా మొత్తం చూసి మోసపోకూడదు. గుండెకు మంచిదని ఆ మాత్రలు కొనేకంటే నాగార్జునసాగర్ చేప తినమంటాను నేను.

ఇక మీరు. అంటార్కిటికాకు మన మొదటి యాత్ర 1981 డిసెంబరులో గోవా నుంచి ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో బయలుదేరింది. 1983లో బయలుదేరిన మూడో యాత్రలోనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు ఉన్నారు. ఒకరు భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా. రెండో ఆమె అదితి పంత్, సముద్ర శాస్త్రవేత్త. నాచు, దాని మీద ఆధారపడే జీవులు ఆమె విషయం. "ఆడపిల్లను అంత దూరం ఎలా పంపుతాం" అని ఇంట్లో అంటున్నారని రాశారు కదా, ఆ సందేహం తీరి నలభై ఏళ్లు దాటిందని చెప్పండి. ఇప్పుడు అక్కడ మైత్రి, భారతి అనే రెండు స్థావరాలు ఉన్నాయి. వెళ్లేవాళ్లకు ముందు ఢిల్లీలో ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలు, ఔలీలో మంచు మీద శిక్షణ ఉంటాయి. ఊరికే పంపించరు.

దారి మాత్రం స్థావరంతో మొదలు కాదు. సీఎస్ఐఆర్ నెట్‌ పరీక్షలో లైఫ్ సైన్సెస్ రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకోవడం మొదటి పని. ఆ తర్వాత గోవాలోని రెండు సంస్థలు, కొచ్చిలోని సముద్ర జీవ వనరుల కేంద్రం, విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చూడండి. 1995-96లో సాగర్ సంపద ఓడ మీద మన దేశం ప్రత్యేకంగా క్రిల్ కోసమే ఒక యాత్ర చేసింది, ఆ ఓడను ఇప్పుడు నడిపేది ఆ కొచ్చి కేంద్రమే. ఉపగ్రహ సమాచారం, కంప్యూటర్ విశ్లేషణ వైపు మొగ్గు ఉంటే మరీ దూరం పోనక్కరలేదు, హైదరాబాద్‌లోనే సముద్ర సమాచారాన్ని అందించే జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది, కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భూమి, సముద్రం, వాతావరణ శాస్త్రాల విభాగం ఉంది. గణాంక శాస్త్రం తప్పించుకోవాలని చూడకండి. పైన చెప్పిన 2018 తగాదా మొత్తం గణాంకాలదే.

సముద్రం చూడలేదన్న బెంగ వదిలేయండి. ఈ వృత్తిలో ఓడ మీద గడిపే కాలం కొంచెం, మైక్రోస్కోపు ముందు గడిపేది చాలా ఎక్కువ. ఒక్క సీసా నమూనాను జాతులవారీగా వేరుచేయడానికి రోజులు పట్టవచ్చు. ఆ ఓపిక మీకు ఉందో లేదో వనపర్తిలోనే తేల్చుకోవచ్చు. కోయిల్‌సాగర్ దగ్గరో, మీ ఊరి చెరువులోనో, ఏడాది పాటు పదిహేను రోజులకొకసారి, ఒకే చోట, ఒకే వేళకు ప్లవకాల వల లాగండి. కళాశాలలో వల లేకపోతే సన్నటి నైలాన్ జల్లెడ గుడ్డతో కుట్టించుకోవచ్చు. నీటి ఉష్ణోగ్రత, లోతు, ఆ వారం వాన రాసుకోండి. డాఫ్నియా, సైక్లాప్స్, రోటిఫర్‌లు ఏ నెలలో పెరుగుతున్నాయో, వాన నీరు చేరాక ఏవి మాయమవుతున్నాయో గీసి చూడండి. తెరిపి లేని వానలకు చెరువు నిండిన ఏడాదికీ, ఆగస్టు దాకా ఎండిన ఏడాదికీ తేడా ఉంటుంది. అలాంటి సొంత లెక్క ఒకటి చేతిలో ఉంటే ఇంటర్వ్యూలో మిమ్మల్ని అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

నమూనాకు 4 శాతం ఫార్మలిన్ కలపండి, చేతికి తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి. తేదీ, వేళ, చోటు రాసిన చీటీని సీసా మీద అంటిస్తే ఊడిపోతుంది, లోపలే వేయాలి. పెన్నుతో రాస్తే ద్రావణంలో సిరా కరిగి సీసా దేనిదో తెలియకుండా పోతుంది. మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాయండి.